వేవిళ్ళు లేని పేట

కొత్తరేవులో రొయ్యలపేట అంటే ఒకప్పుడు పిల్లనివ్వడానికి కూడా జనం వెనకాడేవారు. పేటకి ఒక పక్క రొయ్యలు ఒలిచే ఫ్యాక్టరీలు, ఇంకో పక్క నల్లకోడు అనే మురుగు కాలవ. ఒలిచిన తలకాయలూ పెంకులూ ఫ్యాక్టరీవాళ్ళు కోడు గట్టున గుట్టలు పోసేవారు. అవి ఎండకి మగ్గి, వానకి నాని, కోడులోకి జారేవి. ఆ నీళ్ళు నురగలు కక్కుకుంటూ పేటని ఒరుసుకుని పారేవి. చుట్టాలొస్తే ముక్కుకి కట్టుకున్న గుడ్డ విప్పకుండా, కాఫీ వద్దంటే వద్దని, కూర్చున్న కుర్చీ వేడెక్కకముందే లేచిపోయేవారు.

ఇప్పుడు అదే పేటలో సెంటు స్థలం ధర అడిగితే కళ్ళు బైర్లు కమ్ముతాయి. పేట నడిబొడ్డున రైలు స్టేషన్ వెలిసింది మరి. తలకాయల గుట్టలు పోయాయా అంటే, అబ్బే, ఎక్కడికి పోతాయి! రెట్టింపయ్యాయి. అడిగేవాడు లేనప్పుడు పోసేవాడికి అడ్డేముంది? గుట్ట పెరిగి పెరిగి స్టేషన్ ప్రహరీగోడ ఎత్తుకి వచ్చింది. దాని నీడన సిమెంటు బెంచీల మీద కూర్చుని జనం పునుగులు తింటుంటారు. గుట్ట మీంచి వచ్చి చట్నీలో వాలిన ఈగల్ని తోలను కూడా తోలరు.

ఆ కంపుకి కడుపులో తిప్పే మనిషి పేట మొత్తానికి ఒక్కతే మిగిలింది. పేరు డాక్టర్ మందాకిని. వింత ఏమిటంటే, మిగతా అందరికీ తిప్పకుండా చేసింది కూడా ఆమే.

ఆ సాయంత్రం లేబొరేటరీ నుంచి వచ్చి స్టేషన్‌లో దిగేసరికి మందాకినికి ఎదురుగా కొత్త హోర్డింగు కనిపించింది. నవ్వుతున్న గర్భిణి బొమ్మ, పక్కనే పెద్ద అక్షరాలు: "వేవిళ్ళు లేని పేట! కొత్త దంపతులకు అపార్టుమెంట్లు. త్వరపడండి." కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఆమె ఆ బొమ్మకేసి కాసేపు చూసింది. సిగ్గులేని వెధవలు అనుకుంది. ఆ వెధవల్లో తానూ ఉన్నానన్నది గుర్తొచ్చి గబగబా నడిచింది.

ఇంట్లో అత్తగారు మంగాయమ్మ కూతురు కుసుమకి అన్నం పెడుతోంది. ఆ పిల్లకి మూడో నెల. మొగుడు ఓడ మీద ఇంజనీరు, నెలల తరబడి సముద్రంలో ఉంటాడు, అందుకని పుట్టింట్లోనే ఉంటోంది. నెల తప్పిన దగ్గర్నుంచి ఒక్క వాంతి లేదు, ఒక్క వికారం లేదు. వచ్చినవాళ్ళంతా పేట గాలి మహిమ అని మెచ్చుకుంటుంటే మంగాయమ్మ పొంగిపోతోంది.

మట్టి దాకలోంచి గరిటెడు చేపల పులుసు కుసుమ కంచంలో పడింది. ఆ వాసన గుమ్మంలో ఉన్న మందాకినిని ఒక్క తోపు తోసింది.

"అత్తయ్యా, ఎప్పటిది ఆ పులుసు?"

"ఆదివారంది. చేపల పులుసు నిలవుంటేనే గదమ్మాయ్ రుచి."

"మర్నాటికి రుచి! ఇవాళ గురువారం!"

"అయితే ఏటంట? కాత్త వాసనేసింది. ఏత్తే ఏసింది. పిల్ల ఇట్టంగా తింటంది, తిననీ."

ఇదే మంగాయమ్మ ఒకప్పుడు చేపల బజారులో మొప్ప ఎత్తి, ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకుని, "నీ మొహంలాగుంది, తీసుకుపో" అని బేరమే ఆడకుండా వచ్చేసేది. రెండో రోజు పొద్దున్నే దాక మూత తీసి వాసన చూసేది. నచ్చితే పొయ్యెక్కించేది, లేకపోతే పెంటకుప్పే. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. ఇవాళ కూడా మూత తీసి వాసన చూసింది. వాసన తెలిసింది కూడా. తెలిసి, వడ్డించింది.

"బానే ఉంది వదినా," అంది కుసుమ నములుతూ. "కొంచెం పులిసింది, అంతే."

మందాకిని కంచాన్నీ దాకనీ లాక్కుని పెరట్లోకి పరిగెత్తింది. పులుసు మీద తెట్టు కట్టి, బుడగలు పైకొస్తున్నాయి. పారబోసి, అక్కడే వంగి, పొద్దున తిన్నదంతా కక్కింది. లోపలికి వచ్చేసరికి మంగాయమ్మ ఆశగా చూస్తోంది.

"నీక్కూడా ఏదైనా ఇశేషమా అమ్మాయ్?"

"లేదత్తయ్యా," అంది మందాకిని, నోరు తుడుచుకుని. పెళ్ళయి పదేళ్ళయినా ఆమెకి పిల్లల్లేరు. కడుపు కుసుమదీ, వాంతులు మందాకినివీ అని పేటలో అప్పటికే హాస్యమాడుతున్నారు.

*

శమని అనే మందు పుట్టింది ఇందుకు కాదు. కేన్సర్ వార్డులో మందుల వికారానికి ముద్ద మింగలేక ఎండిపోయే రోగుల కోసం మందాకిని దాన్ని తయారు చేసింది. ముక్కు పుటాల్లోకి కాస్త ఆవిరి పోతే చాలు. వాసన తెలుస్తుంది, రుచి తెలుస్తుంది, ఏవగింపు మాత్రం పుట్టదు. మొట్టమొదట పీల్చిన పెద్దాయన, అన్నం చూస్తేనే మొహం తిప్పుకునే మనిషి, పప్పూ అన్నం కలుపుకుని కంచం నాకినంత పని చేశాడు. పక్కనున్న భార్య కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ రోజు మందాకిని జీవితంలో మంచి రోజు. అలాంటివి ఇంకా ఉండవలసింది.

ఆ వార్డుకి తన తల్లిని చూసుకోవడానికి వచ్చేవాడు నగరపాలక సంస్థ ఆర్థిక సలహాదారు ప్రభాకర్. తల్లి తినడం చూశాడు. పక్క మంచం మీద రోగి కక్కుకుంటే ఆవిడ చలించకుండా తింటూనే ఉండటం కూడా చూశాడు. మర్నాడు స్వీట్ల పెట్టెతో లేబొరేటరీకి వచ్చాడు.

"మేడం, రైలుకి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందనుకుంటున్నారు?" అని మొదలుపెట్టాడు. "టికెట్ల మీద కరెంటు ఖర్చు కూడా రాదు. అసలు డబ్బు నేలలో ఉంది. స్టేషన్ వస్తే చుట్టుపక్కల స్థలాలకి ధర పెరుగుతుంది. ఆ పెరుగుదల స్థలం యజమాని కష్టమా? కాదు, ఊరి సొమ్ముతో వచ్చింది. అందుకని పెరిగినదాంట్లో సగం ఏటా ఊరికి కట్టాలని చట్టం తెచ్చాం. ఆ రాబోయే వాటాని చూపించి ఇప్పుడే బాండ్లు అమ్ముతాం. బాండ్ల డబ్బుతో రైలు వేస్తాం. రైలు వచ్చాక వాటాతో బాండ్లు తీర్చేస్తాం."

"బాగానే ఉంది కదా?"

"బాగానే ఉంది, రొయ్యలపేట లేకపోతే. లైనులో పెద్ద ముక్క ఆ కోడు వెంటే వెళ్ళాలి. రైలు కాదు, విమానం దింపినా అక్కడ ధర పెరగదు. ధర పెరగదని తెలిస్తే బాండు కొనేవాడుండడు. కోడు శుభ్రం చేద్దామా అంటే ఇంకో రైలుకి అయ్యేంత ఖర్చు." ప్రభాకర్ బల్ల మీది సీసాని వేలితో మెల్లగా తిప్పాడు. "కంపు పోగొట్టాలంటే మావల్ల కాదు మేడం. అసహ్యం పోగొట్టాలంటే మీ సీసా చాలు."

ఆ మాటకే లేచి తలుపు చూపించవలసింది. చూపించలేదు. లేబొరేటరీకి వచ్చే గ్రాంటు ఆగిపోయి ఉంది. రైలు కూడా నిజంగానే మంచిది. రొయ్యలపేటలో మనిషికి గుండెనొప్పి వస్తే రెండు బస్సులు మారి ఆస్పత్రికి చేరేలోపు శవమయ్యేవాడు. మామగారు అలాగే పోయారు. ఒక్క పీల్పు వల్ల ఎవరికీ హాని లేదని ఆమె పరీక్షలు చెప్పాయి. ఏళ్ళ తరబడి రోజూ పీలిస్తే ఏమవుతుందన్నది ఆమె పరీక్షించలేదు, వాళ్ళు అడగలేదు.

స్టేషన్ పైకప్పుల్లో "గాలి శుద్ధి యంత్రాలు" అమర్చారు. వాటి గొట్టాలు వీధుల్లోకి కూడా సాగాయి. స్థలం చూడ్డానికి రైల్లో వచ్చినవాళ్ళు స్టేషన్ దాటేసరికి రెండు గుక్కలు పీల్చేవారు. బయటికొచ్చి, "ఏదో చేపల వాసన. సముద్రం పక్కన కదా, ఉంటుంది," అని అడ్వాన్సు ఇచ్చేసేవారు. ధర చెట్టెక్కి కూర్చుంది. బాండ్లు పొద్దున అమ్మకానికి పెడితే మధ్యాహ్నం భోజనాల వేళకి అయిపోయాయి. రిటైరైన పంతుళ్ళూ, పెన్షనుదారులూ, కూతుళ్ళ చదువుకి దాచుకున్నవాళ్ళూ ఎగబడి కొన్నారు. మందాకిని భర్త నాగభూషణం బస్సు వదిలేసి రైలు డ్రైవరయ్యాడు.

శమనితో ఏళ్ళ తరబడి మెలిగిన ఒళ్ళు కావడంతో మందాకిని మీద మాత్రం అది పనిచేయడం మానేసింది. పేటంతా ఆస్వాదించే గాలిలో ఆమె ఒక్కతే రోజూ చస్తూ బతుకుతోంది. తగిన శాస్తి అని ఆమెకే అనిపించేది.

*

పులుసు పారబోసినా లాభం లేకపోయింది. అప్పటికే తిన్నది తిన్నది. శనివారానికి కుసుమ ఒళ్ళు పెనంలా కాలిపోయింది, నడుము పట్టుకుని మెలికలు తిరిగింది. మందాకిని ఆమెని రైల్లోనే ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రికి తీసుకువెళ్ళింది. ఇంత దరిద్రంలోనూ ఆ రైలు సమయానికి వచ్చింది, మెత్తగా తీసుకెళ్ళింది. అందుకు దాన్ని మెచ్చుకోవాలో తిట్టాలో ఆమెకి తెలియలేదు.

డాక్టర్ రెహానా ఆమెతో చదువుకున్న స్నేహితురాలు. సూది మందులిచ్చి, బిడ్డ గుండె చప్పుడు విని, మందాకినిని వరండాలోకి పిలిచింది.

"బిడ్డ ఉంది. ఈసారికి గండం గడిచింది. పాచిపోయిన తిండిలో పెరిగే క్రిమి ఇది, తల్లిని జ్వరంతో వదిలేస్తుంది, బిడ్డని వదలదు. మళ్ళీ తింటే మాత్రం నేను హామీ ఇవ్వలేను."

"ఇలాంటివి ఇంకా వస్తున్నాయా?"

"మీ లైనులో స్టేషన్ల చుట్టుపక్కల నుంచే వస్తున్నాయి. అందరూ ఒకటే మాట, వేవిళ్ళే లేవు డాక్టర్ గారూ అని. వేవిళ్ళంటే కడుపులో బిడ్డకి కాపలా కదా. అది లేకపోతే తల్లి ఏదైనా తింటుంది. బిడ్డ పోయాక ఏడుస్తారు, గుండెలు బాదుకుని ఏడుస్తారు. ఏం తిన్నావమ్మా అంటే చెప్తారు. బూజు పట్టింది అంటారు, పురుగులున్నాయి అంటారు. చెప్పేటప్పుడు మొహం మాత్రం చిట్లించరు. ఇంటికెళ్ళి మళ్ళీ అదే తింటారు."

మందాకిని గోడకి ఆనుకుంది. "అది నా శమని, రెహానా. గాలి శుద్ధి అని చెప్పే ఆ గొట్టాల్లో ఉన్నది అదే. స్థలాల ధర పెరగడానికి వదులుతున్నారు. నేనే ఇచ్చాను."

ఆస్పత్రి కూడా స్టేషన్ పక్కనే ఉంది. రెహానా ఒక్క క్షణం ఆలోచించి తలూపింది.

"ఓహో, అదా సంగతి," అంది. "నేను ఇంకా నీళ్ళలో ఏదో ఉందేమో అనుకున్నా."

అంతే. తన వార్డులో పుట్టవలసిన బిడ్డల్ని చంపిన మనిషి ఎదురుగా నిలబడి ఒప్పుకుంటే, రెహానా మొహంలో ఒక్క గీత కదల్లేదు. చెడిపోయిన ట్యూబులైటు గురించి విన్నట్టు విని, చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. చెంప పగలగొట్టినా బాగుండేదని మందాకినికి అనిపించింది. పాచిపోయిన పులుసునీ పాపిష్టి పనినీ చీదరించుకునేది ఒకే మనసనీ, తన మందు ఆ మనసునే మొద్దుబార్చిందనీ ఆమెకి అప్పుడు అర్థమైంది.

*

ప్రభాకర్ ఆఫీసు పెద్ద స్టేషన్ పైఅంతస్తులో ఉంది. మందాకిని చెప్పిందంతా అతను శ్రద్ధగా విన్నాడు. ఎదురుగా టీ కప్పు. అందులో బొద్దింక పిల్ల ఒకటి పడి కొట్టుకుంటోంది. అతను దాన్ని వేలితో తీసి బల్ల అంచున పెట్టి, టీ గుక్క తాగాడు.

"బాధాకరమే మేడం," అన్నాడు. నిజంగానే బాధపడుతున్నాడు కూడా. "కానీ గొట్టాలు కట్టేస్తే ఏమవుతుందో చూడండి. రెండు మూడు వారాల్లో జనానికి అసహ్యం తిరిగొస్తుంది. పేట ఖాళీ అవుతుంది, ధర కూలుతుంది. ధర కూలితే వాటా రాదు. వాటా లేకపోతే బాండ్లకి వడ్డీ లేదు. రైలు ఆగుతుంది, బాండ్లు కొన్న ముసలివాళ్ళు రోడ్డున పడతారు. మీ వారు రైలు డ్రైవరే కదా?"

"బిడ్డలు చచ్చిపోతున్నారండీ!"

"అందుకే అంటున్నాను, గర్భిణులకి ఒక కరపత్రం వేద్దాం. వండిన రోజు గుర్తుపెట్టుకుని తినండి అని. బొమ్మలతో వేద్దాం."

"నేను తయారీ ఆపేస్తాను."

"తయారీ ఇప్పుడు మీ చేతిలో లేదు మేడం. మూడు ఫ్యాక్టరీలు చేస్తున్నాయి. మీరు హక్కులు రాసిచ్చారు, మరిచిపోయినట్టున్నారు." అతను కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. మొహం వెలిగిపోతోంది. "ఇంకో సంగతి, మీరు సంతోషిస్తారు. పక్క ఊళ్ళవాళ్ళు కూడా అడుగుతున్నారు. ఒకరికి శ్మశానం పక్క నుంచి లైను, ఒకరికి కబేళా పక్క నుంచి, ఒకరికి చెత్తకొండ పక్క నుంచి. అసలు కంపు ఉన్న చోటే మనకి లాభం. అక్కడ ఇప్పటి ధర తక్కువ కాబట్టి పెరుగుదల ఎక్కువ, వాటా ఎక్కువ. ఇకముందు ఏ ఊరూ కాలవ శుభ్రం చేయక్కర్లేదు!"

బల్ల అంచున బొద్దింక పిల్ల తడి ఆరి, మెల్లగా పాకి మళ్ళీ కప్పు ఎక్కింది. ప్రభాకర్ దాన్ని చూస్తూనే కప్పు ఎత్తాడు. మందాకినికి ఇంక ఆగలేదు. పక్కనున్న చెత్తబుట్ట లాక్కుని అందులో కక్కేసింది.

"అయ్యో, నీరసంగా ఉన్నట్టున్నారు," అంటూ ప్రభాకర్ ఎంతో ఆదరంగా తన టీ కప్పునే ఆమె ముందుకి జరిపాడు.

*

భర్తకి చెప్తే ఏమవుతుందో తెలిసి కూడా మందాకిని చెప్పింది. నాగభూషణం అన్నం తింటూ విన్నాడు. మంచి మనిషి. కోడు పక్క ట్రాక్ మీద కుక్క అడ్డం వస్తే బ్రేకు వేసి, ఆలస్యానికి మాటపడిన మనిషి.

"తప్పే మరి," అన్నాడు. "కానీ మందా, ఇంటి మీద అప్పు తెచ్చి పైన గదులేశాం. ధర పడిపోతే బ్యాంకువాడు ఊరుకుంటాడా? రైలు ఆగితే నేనేం చెయ్యను, మళ్ళీ బస్సుల్లోకి ఎవడు రానిస్తాడు? జాగర్తగా తింటే సరిపోయేదానికి..."

"మీ చెల్లెలి బిడ్డ పోయేది."

"పోలేదుగా," అన్నాడు.

ఆమె అతని కళ్ళలోకి చూసింది. అక్కడ భయం కనబడింది, ప్రేమ కనబడింది. ఎంత వెతికినా, తన మీదగానీ, ఆ పని మీదగానీ కాస్తంత రోత మాత్రం కనబడలేదు. ఆ మనిషి పక్కన ఎలా పడుకోను అనిపించింది. తప్పు అతనిది కాదని తెలిసినా అలాగే అనిపించింది.

మర్నాడు మందాకిని, గొట్టాలు లేని చోటికి తీసుకుపోదామని, కుసుమ పెట్టె సర్దడం మొదలుపెట్టింది.

"ఎక్కడికి తీసుకెల్తావమ్మాయ్, జొరం తగ్గిన పిల్లని?" అని మంగాయమ్మ అడ్డం పడింది. "ఆ ఉప్పుమళ్ళలో నీడుంటదా, నీల్లుంటాయా? నా చేతి వంట లేకపోతే అది బతకదు."

"మీ చేతి వంట తింటేనే బతకదు అత్తయ్యా," అనేసింది మందాకిని. ముసలావిడ మొహం చిన్నబోయింది. ఆ వంటకి ఊళ్ళో పేరుండేది. కుసుమ మాత్రం పేచీ పెట్టలేదు. వదిన అంటే ఆ పిల్లకి చిన్నప్పటినుంచీ గురి. లెక్కల్లో తప్పినప్పుడల్లా కూర్చోబెట్టి నేర్పింది వదినే.

*

రైలు ఆఖరి స్టేషన్ దాటాక ఆటోలో చాలా దూరం పోతే ఉప్పుమళ్ళు వస్తాయి. గొట్టాలు అంతదాకా రాలేదు. అక్కడ రేకుల కప్పుతో ఒక గది అద్దెకి దొరికింది. మందాకిని ఏ పూటకి ఆ పూట వండేది. మొదటివారం కుసుమ అమ్మ మీద బెంగతో, చేపల పులుసు మీద యావతో రుసరుసలాడింది. రెండో వారంలో తిండి కాస్త తగ్గించింది. చల్లారిన అన్నం వద్దంది. పాలు ఏదోలా ఉన్నాయంది. మందాకిని పాలు తీసేసి, తర్వాత ఏది వద్దంటుందోనని ఎదురుచూసింది.

ఒకరోజు పొద్దున్న నూనెలో ఆవాలు చిటపటలాడుతుండగా కుసుమ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తింది. గట్టు మీద కూలబడి వాంతి చేసుకుంది. కళ్ళలో నీళ్ళు, ముక్కులో నీళ్ళు, ఒంట్లో వణుకు. మందాకిని వెనకనుంచి నుదురు పట్టుకుంది. పట్టుకుని నవ్వింది, నవ్వుతూనే ఏడ్చేసింది.

"నేను చస్తుంటే నవ్వుతావేంటి వదినా?" అంది కుసుమ, కోపంగా.

"ఇంకా చేసుకో తల్లీ. ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు చేసుకో."

అప్పటి నుంచి రోజూ అదే పని. తాళింపు పడదు, సబ్బు పడదు, ఆటోవాడి బీడీ పడదు. నిమ్మకాయ వాసన చూస్తూ పడుకుంటోంది. రెహానా ఫోనులో విని, అలాగే ఉండనీ, బిడ్డకి మంచిది అంది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, చీర మార్చుకుందామని కుసుమ పెట్టె అడుగునుంచి ఇంటి దగ్గర సర్దుకొచ్చిన చీర ఒకటి లాగింది. లాగి, విదిలించి దూరంగా విసిరేసింది.

"వదినా! ఇదేం కంపు? ఇందులో ఏదైనా చచ్చిందా?"

"లేదు. ఉతికిన చీరే."

"మరి?"

"మనింటి వాసన అది. మన వీధి వాసన. అక్కడ ఎప్పుడూ ఇలాగే ఉంటుంది."

కుసుమ నమ్మలేదు. దగ్గరకి వెళ్ళి, ముక్కు మూసుకుని, మళ్ళీ వదిలి, మళ్ళీ మూసుకుంది. మెల్లగా ఆ పిల్ల మొహం మారడం మందాకిని చూసింది. జ్ఞాపకాలన్నీ అలాగే ఉన్నాయి. వాటికి ఇప్పుడు రోత అంటుకుంటోంది.

"నేను ఎండుచేప తిన్నాను," అంది కుసుమ నెమ్మదిగా. "అందులో పురుగులు కదుల్తున్నాయి. నేను వేలితో ఒక్కొక్కటీ తీసి కంచం అంచున పెట్టి... తిన్నాను వదినా. అమ్మ కూడా చూసింది. ఇంకా వేసింది." ఆమె రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుంది. "నాకేమైంది? మాకందరికీ ఏమైంది?"

ప్రభాకర్ పేరుతో మొదలుపెట్టవచ్చు. బాండ్లతో, చట్టంతో, ఊరి మేలుతో మొదలుపెట్టవచ్చు. మందాకిని అలా మొదలుపెట్టలేదు. "నేను ఒక మందు చేశాను," అని మొదలుపెట్టి, సీసా సంగతి, గొట్టాల సంగతి, రైలుకి అప్పు పుట్టడానికి స్థలాల ధర ఎలా కావలసి వచ్చిందో, ఆ ధర కోసం మనుషుల ముక్కుల్ని ఎలా తాకట్టు పెట్టారో, ప్రసూతి వార్డులో పోయిన బిడ్డల సంగతి, అన్నీ చెప్పింది. తెలిసిన తర్వాత కూడా తాను ఆ పేటలోనే, ఆ రైల్లోనే తిరిగానని కూడా చెప్పింది.

కుసుమ గోడవైపు జరిగింది. ఇంకా జరగడానికి చోటు లేనంతవరకూ జరిగింది. పెదవి వంకర తిరిగింది, ముక్కు ముడుచుకుంది.

"ఛీ," అంది.

మందాకిని కదల్లేదు.

"నువ్వు తెలిసి చేశావు. నీకు కంపు తెలుస్తూనే ఉంది, అయినా ఊరుకున్నావు. ఛీ! నా నుదురు ముట్టుకున్నావు ఆ చేతుల్తో." కుసుమ అరచేత్తో నుదురు రుద్దుకుంది. "నా దగ్గరికి రాకు. నిన్ను చూస్తే డోకొస్తోంది."

ఇన్నేళ్ళలో తనని చూడవలసినట్టు చూసిన మొదటి మనిషి ఆ పిల్ల. మందాకినికి గుండెలో కత్తి దిగినంత నొప్పి వేసింది. ఆ నొప్పితోపాటు, చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, పెద్ద బరువు దిగినట్టు హాయిగా కూడా ఉంది. మనిషి బాగుపడిందని తెలియడానికి ఇంతకంటే గట్టి గుర్తు ఏ లేబొరేటరీలోనూ దొరకదు.

బయటికి వచ్చి రెహానాకి ఫోను చేసింది.

"నీ దగ్గరికి వచ్చే కడుపుతో ఉన్నవాళ్ళందర్నీ ఇక్కడికి పంపించు. ఇంకో నాలుగు గదులు అద్దెకి తీసుకుంటాను."

"ఎన్నాళ్ళు?"

"వాంతులయ్యేదాకా. తర్వాత వాళ్ళకి ఏం జరిగిందో, ఎవరు చేశారో నేనే చెప్తాను. వాళ్ళు గాలి సోకకుండా ముక్కులు కట్టుకుని పేటకి వెళ్ళి, ఆ గొట్టాల సంగతి వాళ్ళే చూసుకుంటారు. మనం ఆపక్కర్లేదు, వాళ్ళే పీకేస్తారు."

"అప్పుడు ధరలు?"

"పడిపోతాయి."

"బాండ్లు? రైలు? భూషణం ఉద్యోగం?"

"అన్నీ," అంది మందాకిని. "నన్నూ ఇంట్లోకి రానివ్వరు. కుసుమలాంటివాళ్ళు ఒక వందమంది ఉంటే చాలు, నాకు ఆ ఊళ్ళో నిలువ నీడ ఉండదు. పంపించు."

లోపల కుసుమ మళ్ళీ వాంతి చేసుకుంటున్న చప్పుడైంది. మందాకిని ఫోను పెట్టేసి, చెంబుతో నీళ్ళు ముంచుకుని గదిలోకి వెళ్ళింది.

"అక్కడ పెట్టు," అంది కుసుమ, తల ఎత్తకుండా. "పెట్టి, అవతలికి వెళ్ళు."

మందాకిని చెంబు గుమ్మం దగ్గర పెట్టి అవతలికి వెళ్ళింది. కుసుమ పాక్కుంటూ వచ్చి, వదిన చెయ్యి పడిన అంచుని కొంగుతో గట్టిగా తుడిచి, నీళ్ళు తాగింది.